అడ్రిఫ్టుకీ అగ్రౌండుకీ మధ్య

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి టీచరుగారూ" అంటారు. బదిలీల గురించో, ప్రమోషన్ల గురించో చెబుతానని వాళ్ల ఆశ. వాటికి యూనియన్‌ వాళ్లున్నారు, నాకన్నా బాగా చెబుతారు. రాజోలు చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్లలోనే నా జుట్టు నెరిసింది. అక్కడ నేను చూసిన ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. మన కోనసీమలో ఇంగ్లీషు నేర్పడానికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి మన మర్యాద. నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

ఆయ్

మన పిల్లలు "ఆయ్" అంటారు. బయటి ఊళ్లవాళ్లు అది "అవును" అనుకుంటారు. పాపం, వాళ్లకేం తెలుసు. ఆయ్ అంటే వింటున్నానని అర్థం. మీరు పెద్దవారు, మీరు చెప్పాక నేను కాదంటానా అని అర్థం. నాకు ముక్క అర్థం కాలేదు గానీ మిమ్మల్ని నొప్పించడం ఇష్టం లేదని కూడా అర్థం. ఇన్ని అర్థాలున్న మాటను క్లాసులో జవాబుగా తీసుకుంటే కొంప మునుగుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తనిఖీ అధికారి వచ్చారు. పొడుగాటి మనిషి, ఎక్కడో మెట్ట జిల్లా ఆయన. మా హెడ్‌మాస్టరుగారిని వెంటబెట్టుకుని నా తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠమంతా విన్నారు. నేను చెప్పడం అవగానే "అర్థమైందా?" అని అడిగాను. క్లాసు మొత్తం ఒక్క గొంతుతో "ఆయ్" అంది. నాకు ఒళ్లు పొంగిపోయింది. ఆయన నెమ్మదిగా లేచి ముందుకొచ్చారు.

"బాబూ, మీ గోదావరి హిమాలయాల్లో కలుస్తుంది కదా?" అన్నారు.

"ఆయ్" అంది క్లాసు.

"మీ టీచరుగారు నిన్న మీకు ఫ్రెంచి భాష నేర్పారట కదా?"

"ఆయ్."

మా హెడ్‌మాస్టరుగారి మొహం వాడిపోయింది. ఆ అధికారి మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. బయటికి వెళ్తూ నాతో, "అమ్మా, మీ పిల్లలు మిమ్మల్ని చాలా గౌరవిస్తున్నారు. ఏం నేర్చుకున్నారో మాత్రం మీకు ఎప్పటికీ తెలియనివ్వరు" అన్నారు. నాకు ఆ రోజు ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది. మా పిల్లల్ని బోనులో నిలబెట్టాడనిపించింది. నేను చూసిన పైఅధికారులందరిలోనూ పనికొచ్చే మాట చెప్పిన మనిషి ఆయనొక్కరే.

జంట మాటలు

ఆ తర్వాత నేను ఒక పద్ధతి పట్టుకున్నాను. ఒక మాటకి అర్థం చెప్పి వల్లె వేయించడం మానేశాను. రెండు మాటల్ని పక్కపక్కన కూర్చోబెట్టేదాన్ని. ఇద్దరల్లుళ్లను ఒకే పంక్తిలో కూర్చోబెడితే ఎవరి సంగతేమిటో తెలిసిపోతుంది కదా, అలాగన్నమాట. ఈ రెండు మాటలూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, వాక్యంలో ఏ చోట కూర్చుంటాయి, ఏ చోట కూర్చోకుండా మొరాయిస్తాయి, పిల్లలే చెప్పాలి. దానికి ఆయ్ అంటే కుదరదు. ప్రతి మాటకీ సొంత బతుకులోంచి ఒక సంగతి కూడా చెప్పాలి. పుస్తకంలో వాక్యం చెబితే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

మా నాన్నగారు మిషన్‌ బడిలో పంతులు. వాళ్ల నాన్నది కూలి పని, వేలిముద్ర మనిషి. అక్షరం ఇంట్లోకి ఎంత కష్టపడి వచ్చిందో తెలిసినవాళ్లం కనక మాటంటే మాకు భక్తి ఎక్కువ. ఒక మాటను తేలిగ్గా తీసుకుంటే మా నాన్నగారు ఊరుకునేవారు కాదు. నేనూ ఊరుకోను. నా దగ్గర చదివినవాళ్లు నన్ను రాక్షసి అనేవారని నాకు తెలుసు.

సత్తిబాబు

రిటైరైన తర్వాత ఒక ఉదయం గేటు దగ్గర ఒక నల్లటి, గట్టి మనిషి చెప్పులు విప్పి నిలబడ్డాడు. గుర్తుపట్టలేదు. "నేనండి, సత్తిబాబునండి. దింపు వీర్రాజు గారి అబ్బాయినండి" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. వీడు పదో తరగతిలో చివరి బెంచీ. నోట్లో నాలుక లేదు, ఒట్టి ఆయ్‌. ఓడల్లో సెయిలరుగా చేరాడని విన్నాను.

వచ్చిన పని చెప్పడానికి కాఫీ మొత్తం తాగాడు. ఏళ్ల తరబడి ఓడ మీద పనిచేసి, ఆఫీసరు కావడానికి పరీక్షలు రాశాడట. రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి. చెన్నైలో నోటి పరీక్ష మిగిలింది. అది రెండుసార్లు పోయింది. మూడోసారి పోతే రాతపరీక్షల గడువు కూడా తీరిపోతుంది, అన్నీ మొదటినుంచి రాయాలి.

"అంత ఓపిక నాకు లేదండి. ఈసారి పోతే సెయిలరుగానే ఉండిపోతాను. పాతికేళ్ల కుర్రాళ్ల చేత తిట్టించుకుంటూ" అన్నాడు.

"నీ ఇంగ్లీషు సంగతేమిట్రా?"

"అదేనండి. నోరు పెగలదండి."

సరేనన్నాను. ఓడ మాటలు నాకు రావు కాబట్టి వాడినే రెండు చెప్పమన్నాను. అగ్రౌండ్‌, అడ్రిఫ్ట్‌ అన్నాడు. ఆ రాత్రికి డిక్షనరీ తీసి చదువుకున్నాను. మంచి జంట అది. రెండిటికీ ముందు ఒక "అ" తగిలించి ఉంటుంది. ఆ అక్షరం తీసేస్తే మిగిలిన గ్రౌండ్‌, డ్రిఫ్ట్‌ రెండూ నామవాచకాలుగానూ, క్రియలుగానూ తిరుగుతాయి. అది తగిలించగానే ఆ స్వేచ్ఛ పోతుంది, విశేషణాలూ క్రియావిశేషణాలూ అయిపోతాయి. ఓడ అగ్రౌండ్‌ అయిందనవచ్చు, ఓడ అడ్రిఫ్ట్‌గా పోయిందనవచ్చు. కానీ అందమైన ఓడ అన్నట్టు వీటిని తీసుకొచ్చి ఓడ ముందు కూర్చోబెడితే కూర్చోవు. ఎప్పుడూ వెనకే నడుస్తాయి. ఇక అర్థానికొస్తే, ఒకటి నేలకి తగిలి కూర్చుండిపోవడం, రెండోది పట్టు తప్పి కొట్టుకుపోవడం. ఒకదానికి కదలిక లేదు, రెండోదానికి ఆపు లేదు. ఇంత చక్కగా అమరిన జంట మాటలు సర్వీసు మొత్తంలో నా చేతికి రాలేదే అనుకున్నాను.

మర్నాడు కావాలనే తిరగేసి మొదలుపెట్టాను.

"సత్తిబాబూ, ఇవి రెండూ నామవాచకాలే కదా?"

"ఆయ్."

"రెండింటికీ అర్థం ఒకటే కదా?"

"ఆయ్."

"అగ్రౌండ్‌ అంటే ఓడ గాల్లో ఎగరడం కదా?"

వాడు నేలచూపులు చూశాడు. "ఆయ్... అంటే... ఆయ్ అండి."

పుస్తకం మూసేశాను. "ఏరా, నీకు తెలీదా?"

"తెలుసండి."

"మరి?"

"మీరేదో పరాగ్గా అన్నారనుకున్నానండి. పెద్దవారు, పొరపాటు ఎత్తిచూపితే బాగోదని."

అప్పుడడిగాను, చెన్నైలో ఏం జరిగిందని. అక్కడా ఇదే. పరీక్ష చేసే పెద్దాయన, తలపండిన కెప్టెను, వీణ్ణి అడిగాడట: ఓడ అగ్రౌండ్‌ అయిందనుకో, వెంటనే ఇంజను వెనక్కి తిప్పి గట్టిగా లాగెయ్యాలి, అవునా? మనవాడు "యెస్‌ సర్‌" అన్నాడు.

"అది తప్పా?"

"తప్పేనండి. అడుగున చిల్లు పడిందో లేదో, చుట్టూ ఎంత లోతుందో ముందు చూసుకోవాలండి. చూడకుండా లాగితే చిన్న చిల్లు పెద్దదవుతుంది, ఓడ మునిగిపోద్ది."

"తెలిసి యెస్‌ సర్‌ అన్నావా?"

"ఆయ్."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కెప్టెను ఉద్దేశం స్పష్టంగా తెలుస్తూనే ఉంది. తప్పు చెప్పి, కాదనగలడో లేదో చూస్తున్నాడు. సముద్రం మీద మర్యాద కోసం తలూపేవాణ్ణి ఆఫీసరుగా పంపిస్తే ఓడ ఏమవుతుందో ఆయనకు తెలుసు. వీడు చదవాల్సింది ఇంగ్లీషని ఇద్దరమూ అనుకున్నాం. వీడికి రానిది "కాదు" అన్న ఒక్క మాట.

కాదనడానికి కసరత్తు

రోజూ పొద్దున్నే వచ్చేవాడు. నేను రోజూ అబద్ధాలు చెప్పేదాన్ని. వాడు "నో" అనాలి. మొదటి వారం "ఆయ్, కానీ అండి" దాకా వచ్చాడు. "కానీ" వచ్చిందంటే దారిలో పడ్డట్టే అని సంతోషించాను. తర్వాత "నో" అనేవాడు, అని వెంటనే లేచి నిలబడి చేతులు కట్టుకునేవాడు.

ఒక రోజు వాళ్లమ్మ సూరమ్మ పనసకాయ పట్టుకుని వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను ఇంగ్లీషులో, నేనెప్పుడూ తప్పు చెప్పను అన్నాను. వాడు కళ్లు మూసుకుని "నో టీచర్‌, యూ ఆర్‌ రాంగ్‌" అన్నాడు. సూరమ్మకి ఇంగ్లీషు రాకపోయినా నో తెలుసు. పనసకాయ కింద పెట్టి వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"టీచరుగారికి ఎదురు చెబుతావంట్రా? ఇందుకా నీకు చదువు చెప్పించింది? క్షమించండమ్మా, సముద్రం నీళ్లు తాగి మర్యాద మర్చిపోయేడు."

ఇదీ పాఠమేనని నేను చెబితే గానీ శాంతించలేదు. శాంతించాక కూడా వెళ్తూ వెళ్తూ, "అలా అయితే వాడు ప్యాసవకపోయినా పర్లేదమ్మా" అంది. మనం ఎదుర్కొంటున్నది ఎంత పెద్ద కొండో నాకు ఆ మాటతో అర్థమైంది.

పైగా వాడి "నో" ఒట్టి చిలక పలుకు. నేను కాదనమన్నాను కాబట్టి కాదంటున్నాడు. అదీ ఇంకో రకం ఆయ్, అంతే. పరీక్ష దగ్గరపడింది. నాకు దిగులు పట్టుకుంది.

ఆ ఉదయం

ముసురు పట్టిన ఉదయం అది. వరండాలో కూర్చున్నాం. పాత జంటే మళ్లీ తీశాను. కావాలని అన్న మాట కాదు, ఊరికే మాటల్లో అన్నాను.

"ఈ రెండిట్లో అడ్రిఫ్టే నయం రా. నేలకి తగల్లేదు, దెబ్బ తగల్లేదు. నీళ్ల మీద హాయిగా తేలుతూ ఉంటుంది."

ఈసారి సత్తిబాబు ఆయ్ అనలేదు. నా మొహంలోకి సూటిగా చూశాడు, చిన్నప్పటినుంచీ వాడు నన్ను అలా చూడటం అదే మొదలు.

"కాదండి" అన్నాడు.

లేచి నిలబడలేదు, చేతులు కట్టుకోలేదు.

"మీకు తెలీదండి. నేనున్నాను అందులో."

ఏదో రేవు బయట లంగరు వేసుకుని ఉన్నారట. పట్టపగలు. గాలి పెరుగుతోంది. లంగరు గొలుసు ఎలా ఉందో చూడమని వీణ్ణి ముందు కొసకి పంపారు. "ఒక్కో లింకు మన రుబ్బురోలు పొత్రమంత ఉంటుందండి. మామూలుగా నీళ్లలోకి వదులుగా వేలాడుతుంది. ఆవేళ కర్రలా నిగడదన్ని ఉంది. చెయ్యేసి చూసేనండి. కరెంటు స్తంభం మీద చెవి పెడితే జుమ్మంటుందే, అలా వణుకుతోంది." పైనుంచి ఆఫీసరు వాకీటాకీలో అడిగాడు, "చెయిన్‌ ఓకే కదా?" అని.

"యెస్‌ సర్‌ అన్నానండి."

వాన చినుకులు వరండా లోపలికి కొడుతున్నాయి. ఇద్దరం కదల్లేదు.

"ఆయన ఓకే కదా అన్నేరు. కాదని ఎలా అంటామండి? పెద్దాయన. చెయ్యి ఇంకా గొలుసు మీదే ఉందండి. అది వణుకుతూనే ఉంది. కాసేపటికి తెగిపోయింది."

"అప్పుడు?"

"ఏం లేదండి. అదేనండి చెప్పేది. ఏమీ తెలీదు. ఓడ ఊగలేదు. మెస్సులో టీ కప్పు కూడా ఒలకలేదు. ఒడ్డున దీపస్తంభం ఉంటుంది కదండీ, అది మాత్రం మెల్లిగా పక్కకి జరుగుతోంది. మేం నిలబడే ఉన్నాం, ఒడ్డు నడుస్తున్నట్టుంది. అడ్రిఫ్ట్‌ అంటే అదండి. వెనకాల రాళ్లున్నాయి. ఇంజను వెంటనే రాదండి, వేడెక్కాలి. కెప్టెన్‌గారు బనీనుతోనే వచ్చి నిలబడ్డారు. రాళ్ల మీద పక్షులు కూర్చునున్నాయి. మొదట చుక్కల్లా ఉన్నాయి. తర్వాత రెక్కలు కనపడ్డాయి. ఆఖరికి ముక్కులు కనిపించేయండి. అప్పుడు స్టార్టయ్యింది ఇంజను."

కళ్లు తుడుచుకున్నాడు.

"అడ్రిఫ్ట్‌ అంటే, ఇంకా అగ్రౌండ్‌ అవలేదని అండి. అంతే తేడా. మధ్యలో ఎంత టైముంటే అంతే మన చేతిలో ఉన్నది. నేను కాదు సార్‌ అనుంటే ఇంజను ముందే వేసేవారు. ఆ సంగతి ఎవరికీ తెలీదండి. మా అమ్మకి కూడా చెప్పలేదు."

నేను డిక్షనరీలో చూసి మురిసిపోయిన జంట అది. వాక్యంలో ఎక్కడ కూర్చుంటాయో కనుక్కుని పెద్ద విద్వాంసురాలినైనట్టు పడుకున్నాను. ఆ రెండు మాటల మధ్య ఒక మనిషి నిలబడి, పక్షుల ముక్కులు చూశాడు. ఇన్నేళ్లూ పిల్లల్ని సొంత బతుకులోంచి ఒక సంగతి చెప్పమని వేధించాను కదా, ఇలాంటిది ఒకటి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. మాటంటే ఇంత లోతుంటుందా అనిపించింది.

"ఇప్పుడు ఇదంతా ఇంగ్లీషులో చెప్పు" అన్నాను. చెప్పాడు. తడబడుతూ, ఆగుతూ, చివరిదాకా చెప్పాడు. ఒకే ఒక్క తప్పు దిద్దాను. అది వృత్తిదోషం, పోదు. మిగిలినవి వదిలేశాను.

చెన్నై

పరీక్ష రోజు సాయంత్రం ఫోన్‌ చేశాడు. అదే కెప్టెనట. వీణ్ణి గుర్తుపట్టాడో లేదో తెలియదు. అగ్రౌండ్‌ గురించి అడిగాడు, వీడు చెప్పాడు. తర్వాత కెప్టెను కాస్త వెనక్కి వాలి, "పట్టు తప్పిన ఓడకి తొందరేముంది, ఇంకా నేల తగల్లేదుగా, నింపాదిగా ఆలోచించుకోవచ్చు, అవునా?" అన్నాడట.

"నో సర్‌ అన్నానండి. అన్నాక గదిలో ఏసీ చప్పుడు వినపడింది."

"ఎందుకు కాదని అడగలేదా?"

"అడిగేరండి. సర్‌, తొందర అప్పుడే ఉంటుంది, తర్వాత తొందరపడటానికి ఏమీ ఉండదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూసేరు. 'ఇది ఎక్కడ నేర్చుకున్నావు' అన్నేరు. ఓడ మీదన్నాను. ఇంకేం అడగలేదండి."

ప్యాసయ్యాడు. సూరమ్మ ఊరంతా లడ్డూలు పంచింది. ఎలా ప్యాసయ్యాడో మాత్రం ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలింది, పెళ్లిసంబంధాలు వెనక్కి పోతాయని.

మీకు చెప్పేది

కాబట్టి అమ్మాయిలూ, అబ్బాయిలూ, క్లాసులో "అర్థమైందా?" అని అడక్కండి. ఆ ప్రశ్నలోనే జవాబు పెట్టి అడుగుతున్నాం మనం. పిల్లలు మంచివాళ్లు, మనం పెట్టిన జవాబు మనకే తీసిచ్చేస్తారు. "ఏమర్థమైంది?" అని అడగండి. జవాబు రావడానికి టైము పడుతుంది, క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దం భరించండి. మిమ్మల్ని కాదన్న పిల్లాణ్ణి కూర్చోబెట్టి, ఎందుకు కాదో చెప్పమనండి. అలా చేస్తే పిల్లలు నెత్తినెక్కుతారని స్టాఫ్‌రూములో అంటారు. కొంతమంది ఎక్కుతారు. ఎక్కనివ్వండి.

సత్తిబాబు ఇప్పుడు ఆఫీసరు. కిందటి నెల ఒక మధ్యాహ్నం ఓడ మీదనుంచి ఫోన్‌ చేశాడు. మాట తెగుతూ తెగుతూ వినిపించింది. ఏదో రేవు బయట లంగరు వేసుకుని ఉన్నారు. పొద్దున గాలి పెరిగిందట. ముందు కొసన కొత్తగా చేరిన ఒరియా సెయిలరు ఒకడున్నాడు.

"నేను ఓకే కదా అని అడగలేదండి. ఎలా ఉంది అని అడిగేను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేను మళ్లీ అడగలేదు, ఆగేను. అప్పుడు, బాగాలేదు సార్‌ అన్నాడండి."

సత్తిబాబు వెంటనే కెప్టెనుకి చెప్పాడు. ఇంజను వేశారు, లంగరు ఎత్తేసి సముద్రంలోకి దూరంగా వెళ్లిపోయారు. కాసేపటికి గాలి దానంతటదే తగ్గిపోయింది. ఊరికే నూనె కాల్పించావని కెప్టెను కసిరాడట.

"మరి గొలుసు నిజంగా తెగేదా సత్తిబాబూ?"

"తెలీదండి. ఇంక ఎప్పటికీ తెలీదు."

"మరేమైంది చివరికి?"

"ఏమీ అవలేదు టీచరుగారూ" అన్నాడు. వెనకాల పళ్లేల చప్పుడు, ఎవరో నవ్వడం వినపడ్డాయి. "అందరం అన్నాలు తింటున్నామండి."